ఆఖరి పేజీ మడిచిపెట్టే మనిషి

క్లెమెంట్ హార్గ్రీవ్ పేరు చెబితే మావాళ్లలో సగంమంది బుర్ర గోక్కుంటారు. కండక్టర్ సామ్ డాబ్స్ అనండి, లాంకషైర్‌లో ముసలీ ముతకా అందరి మొహాలూ విచ్చుకుంటాయి. ఇద్దరూ ఒక్కరే. 'పదిహేడో నంబరు' అనే టీవీ సీరియల్లో పన్నెండేళ్లపాటు, వారానికి రెండు సాయంత్రాలు, క్లెమ్ టిక్కెట్లు కొట్టాడు. రెగ్ పిల్లింగ్ బస్సు నడిపాడు. నేను వాళ్ల బట్టలు చూసుకున్నాను. నా పేరు హిల్డా. నటుల్ని దేవుళ్లనుకునేవాళ్లు ఒక్క వారం వాళ్ల కాలర్లు ఉతికితే చాలు, భక్తి దానంతటదే తగ్గుతుంది.

క్లెమ్ కథ చెప్పేవాళ్లు మాంచెస్టర్‌లో ఇంకా ఉన్నారు. అందరూ తిరిగి తిరిగి చివరికి రెగ్ పిల్లింగ్ గొప్ప నటన దగ్గరే ఆగుతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. అందుకే నేను చెబుతున్నాను.

క్లెమ్ బర్న్‌లీలో పుట్టాడు. తల్లి నేతమిల్లులో మగ్గాల మీద పనిచేసేది. పదిహేడో ఏట ఒక నాటక కంపెనీలో చేరాడు. వారానికో కొత్త నాటకం వేసే కంపెనీ అది. రాత్రి ఒక నాటకం ఆడుతూ, పగలు వచ్చే వారం నాటకం బట్టీ పట్టాలి. ఉండేది అద్దె గదుల్లో, తినేది ఇంటావిడ దయతలచి ఉడకేసిన క్యాబేజీ. పాదిరీలు, పోలీసు ఇన్‌స్పెక్టర్లు, తాగుబోతు మామలు, ఇలా మూడు వందల పైచిలుకు వేషాలు కట్టాడు. "హీరో వేషం ఒక్కసారీ రాలేదు తల్లీ, హీరోకి టీ తెచ్చే వేషం మాత్రం ఒక్కసారీ తప్పిపోలేదు" అనేవాడు. నన్ను తల్లీ అనే పిలిచేవాడు. ఆడవాళ్లందర్నీ అలాగే పిలిచేవాడు, అయినా నాకు బాగుండేది.

రెగ్ కూడా బర్న్‌లీ వాడే, అదే కంపెనీ, అదే అద్దె గది. ఒకసారి రెగ్ తాగి పడిపోతే క్లెమ్ రెండు టోపీలు మార్చుకుంటూ పోలీసు, దొంగ ఇద్దరి వేషాలూ తనే వేశాడు. తనను తనే అరెస్టు చేసుకుని తీసుకుపోయాడట. జనం అదీ నాటకంలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు. యుద్ధానికి ఇద్దరూ వెళ్లి ఇద్దరూ తిరిగొచ్చారు. ఆ తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది, నాటకశాలలు ఒక్కొక్కటే బింగో జూదం ఆడే హాళ్లయ్యాయి. రెగ్ ఇల్లిల్లూ తిరిగి దుమ్ముపీల్చే మిషన్లు అమ్ముకునే స్థితికి వచ్చాడు. అరవై రెండులో టీవీవాళ్లు కండక్టర్ వేషానికి క్లెమ్‌ని పిలిచినప్పుడు, అతను తన జన్మలో మొదటిసారి షరతు పెట్టాడు. డ్రైవర్‌గా మా రెగ్ ఉంటేనే వస్తానన్నాడు. సరేనన్నారు.

పాత నాటకాలవాళ్లకి ఒక పట్టింపు ఉండేది. నాటకంలో ఆఖరి మాట రిహార్సల్లో పలకకూడదు. పలికితే నాటకం అప్పుడే అయిపోయినట్టు లెక్క, ఇక అది ఆడదు. ఆ మాట వంతు వచ్చినవాళ్లు దాని బదులు ఏదో ఒకటి అనేసి ఊరుకునేవారు. క్లెమ్ కంపెనీలో 'తతిమ్మా' అనేవారు. టీవీకి వచ్చినా క్లెమ్ ఆ పట్టింపు వదల్లేదు సరికదా, ఇంకో మెట్టు ఎక్కాడు. స్క్రిప్టు చేతికి రాగానే ఆఖరి పేజీ చూడకుండా మడిచి, నా దగ్గర గుండుసూది అడిగి గుచ్చేసేవాడు. రికార్డింగు రోజు, ఆ సీను వేసే ముందు విప్పి చదువుకునేవాడు. ఆ పేజీలో తన మాటలుంటే తంటానే, కానీ మూడు వందల నాటకాలు బట్టీ పట్టిన బుర్రకి ఒక పేజీ ఏ మూలకి. మొదట్లో కుర్రనటులు నవ్వారు. తర్వాత వాళ్లూ తతిమ్మా అనడం మొదలుపెట్టారు.

బయట అతన్ని క్లెమ్ అనేవాళ్లే లేరు. మార్కెట్లో చేపలామె "ఏం సామ్, బస్సు లేటా?" అనేది. నిజం బస్సెక్కితే కండక్టరు డబ్బు తీసుకునేవాడు కాదు, "ఒకే యూనియన్ మనది" అనేవాడు. అతను పెళ్లి చేసుకోలేదు. సీరియలే ఇల్లూ వాకిలీ. ఏటా వసంతంలో కాంట్రాక్టు కాగితం పోస్టులో దానంతటదే వచ్చేది.

డెబ్భై నాలుగులో రాలేదు. ఆ ఏడు అసలు బస్సుల్లోనే కండక్టర్లు లేకుండా పోతున్నారు. డ్రైవరే తలుపు దగ్గర కూర్చుని డబ్బు తీసుకునే కొత్త బస్సులు వచ్చేశాయి. ప్రొడ్యూసర్ ఫెరిస్ లండన్ నుంచి కొత్తగా వచ్చినవాడు. క్లెమ్ అడిగితే, "పోస్టులో ఉంది, వస్తోంది" అన్నాడు.

ఆ శుక్రవారం నాకొక జాబితా వచ్చింది. రెండు వారాల తర్వాతి ఎపిసోడ్‌కి నల్లకోట్లు పదకొండు, నల్లటోపీలు ఆరు, రెగ్ పిల్లింగ్‌కి శవపేటిక మోయడానికి వీలుగా భుజం దగ్గర వదులుగా ఉండే కోటు. జాబితాలో సీరియల్ వాళ్లందరి పేర్లూ ఉన్నాయి, ఒక్క సామ్ డాబ్స్ పేరు తప్ప. ఎవరు పోతున్నారో బట్టల గదికి ముందే తెలిసిపోతుంది. మేం కోట్లు కుట్టాలి కదా.

మధ్యాహ్నం రెగ్ కొలతలకి వచ్చాడు. చేతులు చాపి నిలబడ్డాడు, నా కళ్లలోకి చూడలేదు.

"ఎవరి పెట్టె మోయడానికి ఈ కోటు?" అన్నాను.

"తెలిసి అడుగుతావేం?"

"అతనికి తెలుసా?"

"ఫెరిస్ చెప్తాడులే."

"ఎప్పుడు? పాతిపెట్టాకా?"

రెగ్ గొంతు తగ్గించాడు. "ముందే తెలిస్తే వాడు ఊరంతా చెప్పుకుంటాడు హిల్డా. బస్‌స్టాపులో ముసలమ్మలకి కూడా చెప్తాడు. తెల్లారేసరికి పేపర్లో పడుతుంది. ఫెరిస్ నాకు రెండేళ్ల కాంట్రాక్టు రాసిచ్చాడు, నోరు జారితే చింపేస్తానన్నాడు. నన్నేం చెయ్యమంటావు?"

"నిన్నీ బస్సెక్కించింది ఎవరు?"

"కొలతలు తియ్యి తల్లీ" అన్నాడు. క్లెమ్ మాట వాడి నోట్లోంచి వినేసరికి నాకు గుండుసూది వాడి భుజంలో దింపాలనిపించింది. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ల గురించి విన్నాను, తెప్పని పాతిపెట్టడానికి కోటు కుట్టించుకునేవాణ్ణి అప్పుడే చూశాను.

ఆ వారం స్క్రిప్టు ఇచ్చింది కూడా ఆ రోజే. ఆఖరి పేజీలో రెగ్ ఒక్కడే. డిపోలో ఫోన్ మోగుతుంది, ఎత్తి వింటాడు, పెట్టేస్తాడు, ఒక మాట అంటాడు. బస్సు పై అంతస్తులో సామ్ గుండె ఆగి పోయాడని ఆ ఫోను. క్లెమ్ పేజీ మడిచి నా దగ్గరికి వచ్చాడు. "సూదివ్వు తల్లీ" అన్నాడు. ఇచ్చాను. దాచిపెట్టే పని వాళ్లకి లేకుండా పోయింది. అతని కళ్లకి అతనే గంతలు కట్టుకుంటాడని వాళ్లకి తెలుసు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

సోమవారం క్లెమ్ ఒక ఉత్తరం పట్టుకుని రిహార్సల్‌కి వచ్చాడు. మా రిహార్సల్స్ ఒక చర్చి హాల్లో జరిగేవి. నేల మీద రంగు టేపులు అంటించి, ఇది డిపో, ఇది బస్సు అనుకునేవాళ్లం. యార్క్‌లోని ఒక నాటకశాల రాసిన ఉత్తరం అది. ఏడాదిపాటు తమ బృందంలో ఉండమనీ, మొదటి నాటకంలో చూపు పోయిన పడవ సరంగు వేషం వేయమనీ రాశారు. నాటకం మొత్తం ఆ ముసలాడి చుట్టూ తిరుగుతుంది. గురువారం మధ్యాహ్నంలోగా జవాబు కావాలన్నారు, లేకపోతే వేరేవాళ్లని చూసుకోవాలి.

"చూశావా, యాభై ఆరేళ్లకి హీరోనయ్యాను" అన్నాడు నాతో. "టీ నాకే తెచ్చిస్తారు."

"వెళ్లు" అన్నాను.

"చూద్దాం" అన్నాడు. ఉత్తరం కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఆ మూడు రోజుల్లో అది ఎన్నిసార్లు తీశాడో, మడతల దగ్గర చిరుగు పట్టింది.

మంగళవారం ఆఖరి సీను రిహార్సల్ చేశారు. రెగ్ ఉత్తుత్తి ఫోను ఎత్తాడు, విన్నాడు, పెట్టాడు. పెదవి తడుపుకున్నాడు.

"తతిమ్మా" అన్నాడు.

క్లెమ్ గోడవారన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. "బాగుందిరా. ఆ ఫోనెవరిది, మీ ఆవిడదా? అంత ఏడుపుమొహం పెట్టావు" అన్నాడు.

"రికార్డింగు రోజు చూద్దువుగానిలే" అన్నాడు రెగ్.

హాల్లో ఒకరిద్దరు నవ్వారు. మిగతావాళ్లు కాగితాల్లో తలలు పెట్టుకున్నారు. అందరి స్క్రిప్టులోనూ ఆ పేజీ విప్పే ఉంది. పదిమంది మధ్య ఒక మనిషి తన చావు చూసి బాగుందంటున్నాడు, ఒక్కరికీ నోరు పెగల్లేదు. నాక్కూడా.

గురువారం పొద్దున టీ వేళకి క్లెమ్ రెగ్ పక్కన కూర్చున్నాడు. నేను ఎదుటి బెంచీ మీద కూర్చుని బొత్తాలు కుడుతున్నాను. వాళ్ల ముందు మాంసం కూరిన రొట్టె చెరొకటి ఉంది.

"యార్క్ వాళ్లు ఇవాళ చెప్పమన్నారురా" అన్నాడు క్లెమ్.

"ఊఁ."

"వెళ్లాలనుంది. అబద్ధమెందుకు, ఒంటిమీద లైటు పడి, ఎదురుగా చీకట్లో జనం దగ్గుతుంటే వినాలనుంది. ఈ కెమెరాలు దగ్గవు."

"మరి వెళ్లు" అనలేదు రెగ్. రొట్టె ముక్క నములుతూ, "పెద్ద వేషమేనన్నమాట" అన్నాడు.

"పెద్దదే. కానీ ఇక్కడ మనిద్దరం జోడీ. డ్రైవరొక్కడితో బస్సు కథేముంది? నేను పోతే ఏడాదిలో నీ బండి షెడ్డుకి పంపేస్తారు. ఈ వయసులో మళ్లీ ఆ మిషన్లు మెట్లెక్కించుకుంటూ తిరుగుతావా? నువ్వు చెప్పు. నువ్వు పొమ్మంటే పోతాను."

రెగ్ టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒక్క మాట చాలు. వెళ్లమంటే చాలు, ఎందుకో కూడా చెప్పక్కర్లేదు. ఫెరిస్‌కి తెలిసేదే కాదు. నా చేతిలో సూది ఆగిపోయింది.

"అదీ నిజమేలే" అన్నాడు రెగ్.

క్లెమ్ నవ్వి వాడి వీపు తట్టాడు. లేచి నా దగ్గరికి వచ్చి, "ఫోన్‌బాక్సుకి చిల్లరుందా తల్లీ?" అన్నాడు. పది పెన్నీల నాణెం తీసిచ్చాను. నా చేత్తోనే ఇచ్చాను. కిటికీలోంచి చూస్తే ఆ ఎర్ర పెట్టెలో నిలబడి, టోపీ తీసి చంకలో పెట్టుకుని మాట్లాడుతున్నాడు. కాదని చెప్పడానికి కూడా అంత మర్యాద. తిరిగొచ్చి, "వాళ్లూ మంచివాళ్లే, బాధపడ్డారు" అన్నాడు. జేబులో ఉత్తరం తీసి చించి బుట్టలో వేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం స్టూడియోలో రికార్డింగు. ఆ రోజుల్లో టేపు మధ్యలో ఆపడం పెద్ద తలనొప్పి. మొదలెడితే చివరిదాకా ఏకబిగిన పోవాల్సిందే. క్లెమ్ తన ఆఖరి సీను చేశాడు. "టిక్కెట్లు, టిక్కెట్లు" అంటూ బస్సు మెట్లెక్కి పైకి మాయమయ్యాడు. వెనకవైపు నిచ్చెన దిగి నేనున్న చోటికి వచ్చాడు. గుండుసూది తీసి నా అరచేతిలో పెట్టి పేజీ విప్పాడు.

ఎనిమిది లైన్లు. అంతసేపు పట్టదు. అతను రెండుసార్లు చదివాడు. నేను అతని కోటు దులుపుతున్నట్టు నటించాను. మొహం చూడలేకపోయాను, అందుకని మొహమెలా ఉందో చెప్పలేను. పేజీ మళ్లీ మడిచాడు. నడుచుకుంటూ వెళ్లి కెమెరా పక్కన, సరిగ్గా రెగ్‌కి ఎదురుగా నిలబడ్డాడు. కసితో నిలబడ్డాడో, కాళ్లు అక్కడికి తీసుకెళ్లాయో నాకు తెలియదు.

ఫోన్ మోగింది. రెగ్ ఎత్తాడు, విన్నాడు, పెట్టాడు. తల ఎత్తితే క్లెమ్ కనిపించాడు.

మాట రాలేదు. రిహార్సల్లో వారమంతా తతిమ్మా అన్న నోరు, అసలు మాట ఒక్కసారీ పలికి ఎరగదు. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. మొహం తెల్లబడింది, కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఫెరిస్ గాజుగదిలో కూర్చుని ఉంటాడు, టేపు తిరుగుతూనే ఉంది.

మా బర్న్‌లీ మిల్లుల్లో మగ్గాల రొదకి మాట వినపడదు. ఆడవాళ్లు శబ్దం లేకుండా, పెదవులు బాగా కదిపి మాట్లాడుకుంటారు. ఆ తల్లుల పిల్లలందరికీ ఆ భాష వచ్చు. మా అమ్మా, రెగ్ అమ్మా నేతపనివాళ్లే కాబట్టి మా ఇద్దరికీ వచ్చు. క్లెమ్ పెదవులు కదిలాయి. చప్పుడు లేదు, ఏ మైకూ పట్టదు. ఒక్కో మాటా విడివిడిగా, ఎదుటివాడికి అర్థమయ్యేదాకా.

"సామ్ పోయాడు. ఇక బస్సులో నేనొక్కణ్ణే."

"సామ్ పోయాడు" అన్నాడు రెగ్. "ఇక బస్సులో నేనొక్కణ్ణే."

దేశమంతా ఏడ్చింది. డ్రైవర్ పదకొండు సెకన్ల మౌనం గురించి పేపర్లు పొగిడి పొగిడి వదిలాయి. ఏడాది చివర రెగ్‌కి బహుమతి కూడా వచ్చింది. ఆ మౌనం ఎలా సాధించారని అడిగితే, "నటుడు గుండెని తవ్వుకోవాలి" అన్నాడు. ఏదో బావి తవ్వినట్టు. సీరియల్ ఇంకో ఆరేళ్లు ఆడింది.

క్లెమ్ శనివారం యార్క్‌కి మళ్లీ ఫోన్ చేశాడు. ఆ వేషం అప్పటికే ఎవరికో ఇచ్చేశారు. తర్వాత రేడియోలో నాలుగు ముక్కలు చెప్పే డాక్టర్ వేషాలు, చర్చి సంతలకి రిబ్బను కత్తిరించడాలు. బజార్లో పిల్లలు "నువ్వు చచ్చిపోయావు కదా సామ్" అని వెంటపడితే, "అవునురా, టిక్కెట్టు తిరుగుప్రయాణానికి కూడా కొన్నాను" అనేవాడు. స్టేజీ మీద ఇక నిలబడలేదు. ఎనభై ఒకటిలో నిజంగా పోయాడు. పెట్టె మోసినవాళ్లలో రెగ్ ఉన్నాడు. బాగా మోశాడు, అలవాటైన పనేగా.

ఇదంతా నేను అందరికీ చెప్పేదే. రెగ్‌ని తిట్టడం తేలిక, ముప్ఫై ఏళ్లుగా తిడుతూనే ఉన్నాను. చెప్పనిది ఒకటుంది.

రికార్డింగు అయ్యాక క్లెమ్ బట్టల గదికి వచ్చాడు. యూనిఫారం విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టాడు. మూలన వరసగా నల్లకోట్లు వేలాడుతున్నాయి, ఒక్కోదానికి పేరు చీటీ కట్టి ఉంది. రెగ్ కోటు భుజం పట్టుకుని చూశాడు. కుట్టు చూశాడు.

"దీనికి వారం పని ఉంటుంది కదా" అన్నాడు.

"ఉంటుంది."

"జాబితా ఎప్పుడొచ్చింది?"

అబద్ధం చెప్పొచ్చు. అతను నమ్మేవాడు. "పోయిన శుక్రవారం" అన్నాను.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నేను యార్క్‌కి ఫోన్ చేసింది నిన్న."

"అవును."

"నువ్వు చిల్లరిచ్చావు."

నేను బల్ల మీది యూనిఫారం మడత సరిచేశాను.

"రెగ్‌గాడి సంగతి అర్థమైంది" అన్నాడు. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది. "వాడికి రెండేళ్లు రాసిచ్చారట, ఇందాక లోపల ఎవరో చెప్పారు. వాడికి మళ్లీ ఆ మిషన్లతో మెట్లెక్కాలంటే భయం. నిన్ను ఏమని బెదిరించారు తల్లీ?"

ఫెరిస్ నాతో ఒక్క మాట అనలేదు. జాబితా పంపాడంతే. బట్టలు కుట్టేదానికి నోరుంటుందని కూడా అతనికి తట్టి ఉండదు. నా ఉద్యోగం మీద ఎవరి కన్నూ లేదు. చెబితే నాకు పోయేదేమీ లేదు. ఎవరో ఒకరు చెబుతారులే అని ఆరు రోజులు గడిపాను, అంతే.

"ఎవరూ ఏమీ అనలేదు క్లెమ్" అన్నాను.

 అతను లేచి, తన సొంత కోటు వేసుకుని, ఎప్పటిలాగే మర్యాదగా టోపీ తాకి, మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు.

"వస్తాను హిల్డా" అన్నాడు.